‘ఏదో సేత్తాను’ అన్నవాళ్ళు

డెబ్భైల చివరి సంవత్సరాల్లో బయటి ఊళ్ళ ఫ్యాక్టరీ యజమానులను విశాఖపట్నానికి రప్పించే కార్యక్రమం పెళ్ళిచూపుల్లా జరిగేది. యజమాని రైలు దిగేసరికి పరిశ్రమల ఆఫీసు జీపు స్టేషన్లో ఉండేది. ముందు రేవు చూపించేవారు, ఆ తర్వాత నీళ్ళ పైపులైను, ఆ తర్వాత తుప్పలు నరికి చదును చేసిన స్థలం. మధ్యాహ్నం బీచి దగ్గర గెస్ట్ హౌస్‌లో రొయ్యల వేపుడుతో భోజనం. వచ్చినాయన శాకాహారి అయితే ఆయన వాటా రొయ్యలు మా విలేకరులకు వచ్చేవి.

భోజనమయ్యాక ఆఫీసరు వరండాలో నిలబడి చెయ్యి చాచేవాడు. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం, మధ్యలో లోయలాంటి ఊరు, ఫ్యాక్టరీ పెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. తుపాను వచ్చినా కొండలు ఆపుతాయని కూడా అనేవాడు. ఊళ్ళోవాళ్ళకు ఆ సంగతి తెలియదు. ఈ మాటలు నేను చాలాసార్లు విన్నాను. చివరికి నోటుబుక్కులో వాటికి బదులు ఒక చుక్క పెట్టుకునేవాణ్ణి.

వచ్చినవాళ్ళు స్థలం గురించి, నీళ్ళ గురించి పెద్దగా పేచీ పెట్టేవారు కాదు. వెళ్ళేముందు మాత్రం ఒక ప్రశ్న అడిగేవారు. పని తెలిసిన మనుషులు దొరుకుతారా? దొరుకుతారని ఆఫీసరు చెప్పేవాడు. ఎవరు, ఎక్కడ అంటే మాట రేవు మీదికి మళ్ళించేవాడు.

అప్పుడు నేను వన్ టౌన్‌లో ఒక మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. కింద ఇనుమును చెక్కి భాగాలు చేసే ఒక లేతు మిషను షాపు ఉండేది. దాని యజమాని అరవై ఏళ్ళ ముస్లిం మేస్త్రి. వీధిలో అందరూ భాయి అనే పిలిచేవారు. మరబోట్ల ఇంజన్లకు, రేవు లాంచీలకు అరిగిపోయిన భాగాల బదులు కొత్తవి చేసి ఇచ్చేవాడు. ఆయన దగ్గర ముగ్గురు పనిచేసేవారు. వాళ్ళలో ఒకడు రోజూ పద్మనాభం అనే ఊరి నుంచి బస్సులో వచ్చేవాడు. ముప్పై దాటినవాడు, వ్యవసాయం ఇంటివాడు. పదేళ్ళుగా భాయి దగ్గరే లేతు నేర్చుకున్నాడు. ఏ బోటు ఇంజను వచ్చినా, “మా పద్మనాభం చూస్తాడు” అనేవాడు భాయి. అదే అతని పేరైపోయింది.

ఆ ఏడాది పద్మనాభం బొంబాయి వెళ్ళిపోవాలనుకుంటున్నాడు. అక్కడ ఓడల మరమ్మతు యార్డులో ఉన్న అతని మేనత్త కొడుకు రమ్మని ఉత్తరం రాశాడు. భాయి దగ్గర నాలుగు రోజులు పని ఉంటే మూడు రోజులు ఉండదు. నెలాఖరు రైలుకు టిక్కెట్టు తీస్తానని అతను చెప్పాడు. భాయి వద్దనలేదు. వద్దనడానికి ఆయన దగ్గర ఇవ్వగలిగింది ఏమీ లేదు.

“మా సాలు ఇళ్ళ నుంచి బొంబాయి పోయినోడు ఒక్కడూ తిరిగి రాలేదు బాబూ,” అన్నాడు పద్మనాభం నాతో ఒక పొద్దున్న, నేను పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే. “మా తమ్ముడు పోయినాడు. వాడి పిల్లల మొకాలు నాకు తెల్దు.”

కోయంబత్తూరు నుంచి నీటి పంపులు తయారుచేసే ఒక యజమాని వచ్చింది ఆ రోజుల్లోనే. తరాల కిందట అటు వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతామని చెప్పాడు. నిజంగానే మాట్లాడాడు. కానీ అది మా తెలుగు కాదు. “నేను నిన్న వస్తిని, స్థలము చూస్తిని” అనేవాడు. పనివాళ్ళను కూడా చూసి వెళతానన్నాడు. ఆఫీసరు ఒక స్కూలు హాలు ఖాళీ చేయించి టముకు వేయించాడు. భాయి పద్మనాభాన్ని పంపించాడు. ఇక్కడ ఉద్యోగం దొరికితే బొంబాయి మాట ఆగుతుందని ఆయన లెక్క.

హాల్లో నేను ఒక మూల బెంచీ మీద కూర్చున్నాను. ఒక్కొక్కరూ లోపలికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“మీకు ఏమి పని తెలుసును?”

“ఏదో సేత్తానండి.”

“లేతు తెలుసునా?”

“ఏదో, కొంచెం.”

తర్వాతి మనిషీ అంతే. ఆ తర్వాతి మనిషీ అంతే. పద్మనాభం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. “ఎన్నేళ్ళు చేస్తిరి?” అంటే, “భాయి దగ్గిర ఉన్నానండి, ఏదో సేత్తన్నాను” అన్నాడు. మధ్యాహ్నం అయ్యేసరికి యజమాని కలం మూత పెట్టాడు. ఒక్క మనిషి పేరు పక్కనే టిక్కు పడింది. ఎక్కడినుంచో పోర్టు కాంట్రాక్టు పనికి వచ్చినవాడు, “అన్నీ తెలుసు సార్” అన్నాడు.

బయట చెట్టు కింద మాటలు వినిపించాయి.

“ఏటి బావా, ఏటడిగినాడు?”

“ఏటొచ్చని అడిగినాడు.”

“నువ్వేటన్నావు?”

“ఏటంతాను? ఏదో సేత్తానన్నాను. నాకన్నీ వచ్చని డప్పు కొట్టుకుంతామేటి?”

“ఆడెవడో కొట్టుకున్నాడుగా.”

“ఆడి మొకం. ఆడు సేసిన వెల్డింగు నాను సూసినాను. సెయ్యెడితే ఊడిపోద్ది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పేపరు ఆఫీసుకు వెళ్ళి వార్త రాశాను. యజమాని ఏమన్నాడో అదే రాశాను: ఊరు బాగుంది, కొండలు బాగున్నాయి, నైపుణ్యం ఉన్న కార్మికులు మాత్రం ఇక్కడ లేరు. ఎదుటివాడు అన్నమాట అన్నట్టుగా రాయడం నాకు నేర్పిన పని. సబ్ ఎడిటరు దానికి రెండు కాలమ్‌ల శీర్షిక పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే భాయి మెట్లెక్కి వచ్చాడు. చేతిలో పేపరు ఉంది. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఎవరిచేతో చదివించుకున్నాడు.

“ఇది నువ్వు రాసినావా పేపరు బాబూ?”

“ఆయన అన్నది రాశాను భాయి.”

“ఆయన అరవ దేశం నుంచి వచ్చినాడు, ఆయనకి తెల్దు. నువ్వు ఈ ఊరోడివి. ఈ ఊళ్ళో ఏదో సేత్తానంటే ఏటో నీకు తెల్దా?”

నాకు తెలుసు. పని రానివాడు రాదంటాడు. కొంచెం వచ్చినవాడు వచ్చంటాడు. చేతిలో పని ఉన్నవాడే ఏదో చేస్తానంటాడు, మిగతాది చేయించుకునేవాడు చూసుకోవాలి. ఇది చిన్నప్పటినుంచీ విన్న మాటే కాబట్టి, హాల్లో దాన్ని యజమానికి విప్పి చెప్పాలని గానీ, వార్తలో రాయాలని గానీ నాకు తోచలేదు.

“ఆయన ఉన్నాడా, ఎల్లిపోయినాడా?” అన్నాడు భాయి.

“మధ్యాహ్నం మెయిలు బండికి వెళతాడు.”

“అయితే సొక్కా తొడుక్కో.”

గెస్ట్ హౌస్‌లో యజమాని ఇడ్లీ తింటున్నాడు. భాయి సలాం చేసి నిలబడ్డాడు. దారంతా రిక్షాలో నన్ను వాయించిన మనిషి, అక్కడ తన పని గురించి ఒక్క ముక్క చెప్పలేకపోయాడు. నేనే చెప్పాను. ఈ ప్రాంతంలో మంచి పనివాడు తనకు పని వచ్చని నోటితో చెప్పడండీ, చేయించి చూడాలి. అది వార్తలో రాయాల్సింది, రాయలేదు.

యజమాని నన్ను చూశాడు. తర్వాత భాయి చేతులు చూశాడు. “మీ షాపు ఎంత దూరము?” అన్నాడు.

వన్ టౌన్ సందులోకి జీపు పట్టలేదు. మిర్చి బస్తాల మధ్య నుంచి నడిచి వెళ్ళాం. పద్మనాభం లేతు దగ్గర ఉన్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి తుడుచుకున్నాడు. యజమాని తన సంచీలోంచి ఒక చిన్న ఉక్కు కడ్డీ తీశాడు. పంపు లోపల తిరిగే కడ్డీ అది. దానికి సరిపోయే బుష్ చేయమన్నాడు. బుష్ అంటే కడ్డీ చుట్టూ తొడిగే ఇత్తడి గొట్టం. బిగుతైతే కడ్డీ తిరగదు, వదులైతే నీళ్ళు కారతాయి.

పద్మనాభం కడ్డీని కాలిపరు పెట్టి కొలిచాడు. బొటనవేలితో దాని మీద రెండుసార్లు రుద్దాడు. ఇత్తడి ముక్క బిగించి లేతు తిప్పాడు. ఇత్తడి పొట్టు చుట్టలు చుట్టలుగా కిందపడింది. భాయి వీధివైపు తిరిగి నిలబడి బీడీ కాల్చాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఆ బీడీ ఆరిపోయింది, ఆయన మళ్ళీ వెలిగించలేదు.

అయ్యాక యజమాని బుష్‌ను కడ్డీకి తొడిగాడు. వేలితో నొక్కితే మెల్లగా జారింది. కడ్డీ నిలువుగా పట్టుకుంటే జారకుండా ఆగింది. సంచీలోంచి వెర్నియరు కొలబద్ద తీసి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

“ఇదేనా ఏదో చేయడము?”

“ఇంకా బాగా సెయ్యొచ్చండి,” అన్నాడు పద్మనాభం. “లేతు పాతది.”

అప్పుడు భాయి ఇటు తిరిగాడు. “లేతుని అనకు. లేతు బాగానే ఉంది,” అన్నాడు.

యజమాని ఆ రోజు మెయిలుకు వెళ్ళలేదు. స్కూలు హాల్లో చూసినవాళ్ళను మళ్ళీ పిలిపించమన్నాడు, ఈసారి భాయి షాపు దగ్గరికే. రెండు రోజులు ఆ సందులో వరస నిలబడింది. మిర్చి షాపులవాళ్ళు ఆఫీసరుకు ఫిర్యాదు చేశారు. అన్నీ తెలుసన్న మనిషి కూడా వచ్చాడు. వరస సగానికి వచ్చేసరికి పనుందని వెళ్ళిపోయాడు.

నెలాఖరు రైలుకు పద్మనాభం టిక్కెట్టు తీయలేదు. ఇక్కడే పెట్టాలనుకున్న పంపుల ఫ్యాక్టరీకి షెడ్డు లేవడానికి ఏడాదికి పైగా పట్టింది. అన్నాళ్ళూ ఆ యజమాని కోయంబత్తూరు నుంచి అప్పుడప్పుడు పంపే పని భాయి షాపులో జరిగేది. షెడ్డు తెరిచాక పద్మనాభం అక్కడ చేరాడు. భాయి దగ్గర ఉన్న మిగతా ఇద్దరూ కూడా చేరారు.

“ఫ్యాక్టరీని పిలిచి మీ మనుషుల్ని పోగొట్టుకున్నారు,” అన్నాను నేను.

“పోవడం ఏటి? ఎక్కడికి పోయినారు?” అన్నాడు భాయి. “సాయంత్రం బస్సు కోసం ఈ సందులోంచే నడుస్తారు. కనబడతన్నారు కదా.”

పాత వార్తను సరిదిద్దుతూ ఏదైనా వేద్దామని నేను న్యూస్ ఎడిటరును అడిగాను. తప్పేముంది అందులో, అన్నాడాయన. పేరు తప్పా, తేదీ తప్పా? రెండూ కాదన్నాను. అయితే సవరణ వేయడానికి ఏమీ లేదన్నాడు.

ఎనభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం మొదలయ్యాక ఊరు నిండా బయటి మనుషులు వచ్చారు. ఎవరినీ జీపు పంపి పిలవాల్సిన అవసరం లేకపోయింది. పంపుల షెడ్డులో అప్పటికి పద్మనాభం ఫోర్‌మన్. కొత్తవాళ్ళను తీసుకునే రోజు ఒకసారి వెళ్ళాను. అతని ముందు బల్ల లేదు, కుర్చీ లేదు. వచ్చినవాడిని నీకేం వచ్చని అడగలేదు. ఒక కడ్డీ చేతిలో పెట్టి లేతు చూపించి, వీధివైపు తిరిగి నిలబడ్డాడు.