దొరసానిగారి ఉత్తరంలో 'ఇండికేట్'

మా చిన్నతనంలో ఇంగ్లీషు ఉత్తరం ఇంటికి వస్తే, చదవడం కన్నా ముందు భయపడటం జరిగేది. రాజమండ్రి మిషను బోర్డింగులో పంతులమ్మ పరీక్ష ప్యాసై, కాలవ గట్టున ఉన్న మా ఊరికి వచ్చిన నెలకి, అక్కడ బోర్డింగునీ మిషను బళ్ళనీ నడిపే దొరసానిగారు నాకు ఉత్తరం రాశారు. (నా పేరున వచ్చిన మొదటి ఉత్తరం. అమ్మ చేతులు కడుక్కుని మరీ ముట్టుకుంది.) అందులో నా పేరూ, స్కూలూ అర్థమయ్యాయి కాని, 'ఇండికేట్' దగ్గర నా చదువు ఆగిపోయింది. నాన్న మా ఊరి చర్చిలో ఉపదేశి. ఆయన దగ్గరున్న పాత నిఘంటువు తీస్తే, సరిగ్గా ఆ మాటని చెదలు తినేసి, దాని కింద 'ఇండిక్ట్' మిగిల్చాయి. "నేరము మోపుట," అని చదివి నాన్న కళ్ళజోడు తీశారు. "పక్కపక్కనే ఉన్నాయంటే చుట్టాలే అయ్యుంటాయి. అక్కడేం చేసొచ్చావమ్మా?"

ఆలోచించగా బోర్డింగు దొడ్లోని జామకాయలు గుర్తొచ్చాయి. మర్నాడు ఇద్దరం రాజమండ్రికి పడవెక్కాం. దొరసానిగారి వరండాలో అడుగు పెడుతూనే, "ఆరు కాయలండి, నేనొక్కదాన్నే కోశానండి," అని ఏడ్చేశాను. "ఉద్యోగం మాత్రం లేదనకండమ్మగారూ," అన్నారు నాన్న. ఆవిడ సంగతంతా విని, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. "ఇది నేరము కాదు. లాటిను భాషలో చూపుడు వేలిని ఇండెక్స్ అందురు. ఇండికేట్ దానికి చెల్లెలు. ఏ స్కూలు మీకు ఇష్టమో చూపుడి, అని రాసినాను," అంటూ వేలెత్తి చూపించారు.

నాకు పిఠాపురం కావాలి. మా అక్క కాపురం అక్కడే. కాని జామకాయల సంగతి బయటపడిన సిగ్గు ఇంకా పోలేదు. తలొంచుకుని, నోటితో చెప్పకుండా వేలితో పిఠాపురం వైపు చూపబోయాను. అది నేల వైపు తిరిగింది. "ఇక్కడనేనా? సంతోషము," అని ఆవిడ కాగితం మీద రాసేసుకున్నారు. "ఇంకేం అడక్కు," అని నాన్న నా చెవిలో గొణిగారు.

ఆ రాజమండ్రి బడిలోనే నా జుట్టు నెరిసింది. చాలామంది పిల్లలకి ఈ కథతోనే 'ఇండికేట్' అర్థం చెప్పాను, ఒక్కరూ మరిచిపోలేదు. అక్క ఉన్నన్నాళ్ళూ వేసవిలో పడవ మీద వెళ్ళి చూసొచ్చేదాన్ని. "పిఠాపురం అండి," అనడానికి ఎంతసేపు పట్టేదే, అని అక్క ప్రతిసారీ దెప్పేది. ఇప్పుడు ఆ వరండాలోని పద్దెనిమిదేళ్ళ పిల్ల నా ఎదుట నిలబడితే కోప్పడను. పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్క మాట పైకి అనమ్మా, అంటాను.