మామగారి లోచ్‌లు, నా కళ్ళనీళ్ళు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూలబడ్డానో లేదో, మా కొత్త కోడలు వంటింట్లోంచి చున్నీతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. నేను వెంటనే మావాడి వంక చూశాను. వాడు ఫోను చూసుకుంటూ మహా అమాయకంగా కూర్చున్నాడు. అంత అమాయకంగా ఉన్నాడంటే ఏదో అనే ఉంటాడు. “ఏమన్నావురా ఆ పిల్లని?” అన్నాను. “నేనేమన్నానే అమ్మా!” అన్నాడు. నేను నమ్మలేదు. ఇలా నమ్మకపోవడం నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న గుణం కాదు. ఎనభైల్లో ఈ గుంటూరుకి కోడలిగా వచ్చాక, మా మామగారి చేపలతొట్టి పక్కన నిలబడి నేర్చుకున్నాను.

మాది అమలాపురం పక్క పల్లెటూరు. మామగారు సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రిటైరైనవాళ్ళు కొందరు పూలమొక్కలు పెంచుతారు, కొందరు కోడళ్ళ మీద పడతారు. ఆయన చేపల్ని పెంచారు. ముందుగదిలో కిటికీ కింద ఇనప చట్రానికి గాజుపలకలు బిగించిన తొట్టి, అడుగున ఇసుక, నాలుగు గులకరాళ్ళు, బుడబుడమంటూ గాలి వదిలే చిన్న మోటారు. అందరిళ్ళలో లాగే ఎర్రచేపలుంటాయని వంగి చూస్తే, లోపల ఏమీ లేదు. “ఖాళీగా ఉందేంటండీ?” అన్నాను. ఆయన ముసిముసిగా నవ్వి పెన్సిలుతో గాజు మీద టకటకమని కొట్టారు. ఇసుకలోంచి ముందు రెండు కళ్ళు, తర్వాత మీసాలు, ఆ తర్వాత వేలెడు పొడుగు మచ్చల చేప ఒకటి మెలికలు తిరుగుతూ లేచింది. దాని వెనకే మిగిలినవీ లేచాయి. ఆయన పాత శిష్యుడొకడు ఆ మధ్యనే అమరావతి దగ్గర కృష్ణా ఇసుకలో పట్టి తెచ్చిచ్చాడట. “మా ఊరి పిల్లకాలవలో ఇలాంటివి కాళ్ళకి తగిలితే విదిలించుకుని పోతామండీ,” అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని. ఆయన మొహం ముడుచుకుపోయింది. “వీటిని ఇంగ్లీషులో లోచ్‌లంటారమ్మా,” అని మాత్రం అన్నారు. ఆ ఒక్క మాటతో ఆ చేపలకి నేను శత్రువునని ఇంట్లో ఖాయమైపోయింది.

అసలు ఆ చేపలే అనుమానానికి పుట్టినట్టుండేవి. పొద్దున్న చూస్తే రాయి పక్కన ఒకటి చచ్చినట్టు పక్కకి ఒరిగి పడుకుని ఉండేది. అయ్యో అని దగ్గరికి వెళ్తే తోక విదిలించి పారిపోయేది. ఇంకోటి రివ్వున పైకొచ్చి, ఇంత గాలి మింగి, మళ్ళీ ఇసుకలో దూరిపోయేది. ఒకరోజు ఎంత లెక్కపెట్టినా ఒకటి తక్కువైంది. మామగారు తొట్టి వెనకా, మంచం కిందా వెతికారు. అత్తగారు మాత్రం తిన్నగా వంటింట్లోకొచ్చి నేను దించిన చేపల పులుసు గిన్నె మూత తీసి, గరిటె పెట్టి అడుగుదాకా కలిపి చూశారు. “గోదారోళ్ళు చేపని చూస్తే ఊరుకుంటారా?” అని పనిమనిషితో నాకు వినపడేటట్టే అన్నారు. సాయంత్రానికి ఆ చేప మీసాలకి ఇసుక అంటించుకుని తీరిగ్గా బయటికొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చేప దొరికిందని అందరూ సంతోషించారు గాని, నన్ను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు.

ఆ ఇంట్లో పోట్లాటలు లేవు. ఎవరి కడుపులో ఏమున్నా రాత్రి భోజనాలకి ముందు కుటుంబ ప్రార్థనలోనే బయటికొచ్చేది. చాప మీద మోకరించి ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చెయ్యాలి. ఒకరు చేస్తుంటే రెండోవారు మధ్యలో నోరెత్తకూడదు. ఆ రూలు అడ్డం పెట్టుకుని మా అత్తగారు దేవుడికి చెప్పే ప్రతి మాటా నాకు చెప్పేవారు. “తండ్రీ, పప్పులో ఉప్పు చూసుకునే బుద్ధి అందరికీ దయచెయ్యి” అంటే, మర్నాడు నేను రుచి చూసి మరీ దించాలన్నమాట. మా ఆయన ప్రార్థన మాత్రం పొట్టిది. అందరికీ మంచి చెయ్యమని ఆమెన్ అనేసేవారు. ఆయనకి ఇద్దరమన్నా భయమే.

మార్చి వచ్చింది. మా ఇంట్లో ఏడాది కారం కొట్టించే రోజులు. ఆడపడుచులకీ, చుట్టాలకీ, పాస్టరుగారింటికీ కూడా అత్తగారి కారమే వెళ్ళాలి. పెరట్లో ఇద్దరు ఆడవాళ్ళు రోకళ్ళతో దంచుతుంటే, ఆ దంచింది తెచ్చి ముందుగదిలో తలుపులూ కిటికీలూ బిగించి, ఫ్యాను ఆపి, అత్తగారు స్వయంగా జల్లెడ పట్టేవారు. బయటైతే మెత్తటి కారం గాలికి పోతుందని ఆవిడ భయం. సరిగ్గా ఆ రోజుల్లోనే నా కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలైంది. ముక్కు ఎర్రబడి, గొంతు బొంగురుపోయి, ఎప్పుడు చూసినా చేతిలో రుమాలే. కొత్తకోడలు చాటుగా ఏడుస్తోందని వీధంతా పాకింది. మా ఆయన ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి, “నేను నచ్చలేదా?” అని మెల్లగా అడిగారు. పాపం, ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. కాదండీ, ఎందుకో నాకే తెలీదండీ అంటే ఆయన అనుమానం ఇంకా పెరిగింది.

అదే సమయంలో చేపలకి ఎక్కడలేని హుషారొచ్చింది. పడుకోవడం మానేసి పైకీ కిందకీ ఒకటే పరుగులు, గాజుకి మూతి రాసుకోవడం, నీళ్ళపైకి ఎగిరి పడటం. మామగారు ఆనందం పట్టలేక పక్కింటివాళ్ళని పిలిచి చూపించారు. నాలుగు రోజులకి ఒకటి నిజంగానే పక్కకి ఒరిగింది. ఆ తర్వాత ఇంకోటి. తొట్టిలో నీళ్ళు నింపేదాన్నీ, గది తుడిచేదాన్నీ నేనే. “సబ్బు చేతులు పెట్టావా అమ్మాయ్?” అని అడిగారు మామగారు. లేదన్నాను. ఆ రాత్రి ప్రార్థనలో ఆయన, “నోరులేని జీవాల మీద కసి ఈ ఇంట్లో ఎవరికన్నా ఉంటే ఆ మనసు మార్చు ప్రభువా,” అన్నారు. అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, “ఇక్కడ ఇష్టం లేని వాళ్ళని వాళ్ళ అమ్మానాన్నల దగ్గరికి క్షేమంగా చేర్చు తండ్రీ,” అన్నారు. పెళ్ళై మూడు నెలలు కాకుండా పెట్టె పట్టుకుని దిగితే, ఏం చేసొచ్చావని మా ఊళ్ళో అడగనివాళ్ళుంటారా?

మర్నాడు దంచేవాళ్ళు రాలేదు. నా కళ్ళు తేటగా ఉన్నాయి. తొట్టిలోకి చూస్తే మిగిలిన చేపలు ఇసుకలో బుద్ధిగా పడుకుని ఉన్నాయి. ఆ తర్వాతి రోజు జల్లెడ మొదలైంది. నా కళ్ళూ మొదలయ్యాయి, చేపల పరుగులూ మొదలయ్యాయి. జల్లెడ పని అయి అందరూ గదిలోంచి వెళ్ళాక తొట్టి దగ్గరికెళ్ళి రుమాలు కొసతో నీళ్ళపైన తేలుతున్న తెట్టుని అద్దాను. అలవాటుకొద్దీ అదే రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాను. కళ్ళు భగ్గుమన్నాయి. ఇంట్లో ఇంకెవరికీ మండకపోబట్టి అన్నాళ్ళూ కారం మీద అనుమానం రాలేదు గాని, ఇక వేరే రుజువు అక్కర్లేకపోయింది.

అయితే అత్తగారి కారాన్ని తప్పుపట్టే ధైర్యం నాకెక్కడిది? మధ్యలో ఎవరూ నోరెత్తకూడని చోటు ఒక్కటే ఉంది. ఆ రాత్రి నా వంతు వచ్చింది. “తండ్రీ, నేను ఏడవట్లేదండీ,” అన్నాను. దేవుణ్ణి ఎవరూ అండీ అనరు, కంగారులో నేను అన్నాను. “మా ఆయన మంచోరేనండీ. ముందుగదిలో కారం జల్లించినప్పుడల్లా నాకు కళ్ళు మండుతున్నాయండీ. ఆ చేపలకీ మండుతున్నాయి. నేనైతే కళ్ళు మూసుకుంటాను, వీధిలోకి పోతాను. వాటికి రెప్పల్లేవు, పోడానికి వీధీ లేదండీ. ఆమెన్.”

మామగారు లేచి వెళ్ళి తెల్ల కండువా కొసతో తొట్టి నీళ్ళపైన నెమ్మదిగా తుడిచి, లైటు కింద పట్టుకుని చూశారు. ఎర్రటి చార. “ఇన్నేళ్ళ బట్టీ ఈ గదిలోనే జల్లిస్తన్నా, ఒక్కళ్ళన్నా తుమ్మారా?” అన్నారు అత్తగారు. “అదేగా నేననేది,” అన్నారాయన కండువా మడుస్తూ, “మనకెవరికీ తెలవలా.” ఆయనే ఆ పూట నీళ్ళు మార్చారు. జల్లెడ పెరటి కొట్టంలోకి మారింది. బతికిన చేపలు ఇంకా చాలాకాలం ఇసుకలో దూరి మమ్మల్ని కంగారుపెట్టాయి. అత్తగారు మర్నాటి ప్రార్థనలో, “బయటి నుంచి వచ్చిన పిల్ల కళ్ళు చల్లగా చూడు తండ్రీ,” అని, ఒక్క క్షణం ఆగి, “మా కారానికి పేరు చెడకుండా కూడా చూడు,” అన్నారు. ఆ మొదటి మాటకి నేను నిజంగానే ఏడ్చాను.

మొన్న కోడలు నా పక్కన కూర్చుని, “ఆయనేం అనలేదు అత్తయ్యా. ఏడాది కారం డబ్బాల్లోకి ఎత్తుతున్నాను కదా, ఇల్లంతా ఘాటే. మీకు మండట్లేదా?” అంది. నేను గట్టిగా గాలి పీల్చి చూశాను. నాకేమీ తెలియలేదు. లేచి వెళ్ళి ఇంట్లో కిటికీలన్నీ తీశాను. పుట్టిల్లు వదిలిన రోజు నాకు గుర్తుంది, మామగారి కండువా మీది ఎర్రచార గుర్తుంది. ఈ గాలికి నా కళ్ళు మండటం ఎప్పుడు మానేశాయో మాత్రం గుర్తు లేదు.