సైకిలుతో చెప్పిన మాటలు

మా బావ ఇక లేడన్న కబురు మొన్న మంగళవారం మధ్యాహ్నం బస్సులో వచ్చింది. పట్నం దవాఖానలో జ్వరంతో ఉన్న ఆయన దగ్గర నా భర్త ఉన్నాడు. బస్సు డ్రైవరుతో చెప్పి పంపించాడు. అప్పటినుంచి నాకు కాలు ఒక్కచోట నిలవడం లేదు. పొయ్యి దగ్గరినుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి మళ్లీ పొయ్యి దగ్గరికి తిరుగుతున్నాను.

బావ అంటే నా భర్తకు అన్న. ఇబ్రహీంపట్నంలో సైకిళ్లు బాగుచేసే దుకాణం ఆయనది. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావతో నోరువిప్పి మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే గాజులు చప్పుడు చేయాలి, అంతే. అసలే సిగ్గరిని కాబట్టి ఆ కట్టుబాటు నాకు కష్టమనిపించలేదు, ఆ ఒక్కరోజు దాకా.

అవి రజాకార్ల రోజులు. సర్కారుకు లెవీ ధాన్యం ఇవ్వవద్దని ఊళ్లలో చెప్పినందుకు నా భర్త తప్పించుకు తిరుగుతున్నాడు. మా పెళ్లయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. చింతపల్లి దాటాక ఒక గుట్ట దగ్గర పొద్దుగూకేదాకా ఉంటాడనీ, ఆపైన కృష్ణా నది అవతలికి పోతాడనీ కబురందింది. తిరిగి వస్తాడో రాడో. ఒక్కసారి చూస్తానని అత్తతో అన్నాను. అత్త బావతో అంది.

తెల్లవారేసరికి వాకిట్లో నాలుగు సైకిళ్లున్నాయి. ఒంటరిగా పోయేవాళ్లను ఆపుతారని, పెళ్లికి పోతున్నట్టు బావ తన ముగ్గురు దోస్తులకు పసుపు అద్దిన కండువాలు వేయించాడు. నేను బావ వెనక క్యారియర్ మీద కూర్చున్నాను.

పెద్దరోడ్డు వదిలి మంచాల చెలకలు దాటాక ఇక నీడ లేదు. రాళ్లు, తుమ్మకంప, పగిలిన ఎర్రనేల, కనుచూపు మేర ఎడారి. ముందు సైకిలు లేపిన దుమ్ము అణిగేదాకా వెనకది కదలకూడదన్నది బావ పెట్టిన నియమం. "దుమ్ము తక్కువ లేస్తె మనం తక్కువ కనవడ్తం" అనేవాడు. అలా ఆగినప్పుడల్లా నేను పొద్దు వైపు చూసేదాన్ని.

నా కాలిపక్కన నీళ్ల తోలుసంచి వేలాడుతోంది. సైకిలు ఒక రాయి మీద ఎగిరినప్పుడు దాని కుట్టు విడిచింది. మడమకు తడి తగిలింది. గాజులు కదిపాను. బావ ఇంకా జోరుగా తొక్కాడు. మళ్లీ కదిపాను. కుదుపుకు మోగుతున్నాయనుకున్నాడేమో, తిరిగి చూడలేదు. కుట్టును చేత్తో అదిమిపట్టాను. "బావా, నీళ్లు" అన్న రెండు మాటలు గొంతుదాకా వచ్చి ఆగిపోయాయి. దిగి చూసేసరికి సంచిలో గుక్కెడు కూడా లేదు.

"నోట్లె నాలుక లేదా చెల్లె? ఒక్క కేక వేస్తె ఏమైతుండె?" అన్నాడు ఒక దోస్తు.

"గాజుల భాష మనకేం ఎరుక!" అన్నాడు ఇంకొకాయన.

బావ సైకిలు సీటు మీద తట్టాడు. "సైకిలూ, మా మరదలికి చెప్పు. నాతోని మాట్లాడద్దు గని నీతోని మాట్లాడొచ్చు. నడుమ నేను వింటె తప్పు లేదు."

"సైకిలుకు చెవులెప్పుడు పెట్టినవ్‌రా?"

"గంట ఉంది గద. గదే చెవి" అన్నాడు బావ.

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఎండిన వాగులో ఇసుక తవ్వి చెలిమె తీశారు. నీళ్లు ఊరడానికి ఎంతసేపు పట్టిందో! బావ అందరికన్నా చివర, అడుగున మిగిలిన బురదనీళ్లు తాగాడు. అప్పటికే పొద్దు వాలింది. ఆ ఆలస్యమంతా నా వల్లే. మళ్లీ బయలుదేరాక ఇక ఆగలేకపోయాను.

"సైకిలూ, ఆయన పోతడు. జర జల్ది పో."

బావ వినేలా నేను అన్న మొదటి మాట అది. ఆయన తల వంచుకుని తొక్కాడు.

పోలీసు చర్య తర్వాత నా భర్త ఇల్లు చేరాడు. బావ భోజనానికి వచ్చి సైకిలును గడప పక్కన ఆనించేవాడు. "సైకిలూ, పులుసుల ఉప్పెక్కువైందని చెప్పు." నేను లోపలినుంచి, "సైకిలూ, నిన్న తక్కువైందన్నది ఎవరో అడుగు" అనేదాన్ని. నా పుట్టింట్లో కూడా నేను అంత ధైర్యంగా మాట్లాడింది లేదు.

ఆ రోజు గుట్ట చేరేసరికి నా భర్తతో ఉన్నవాళ్లు చెప్పులు తొడుక్కుంటున్నారు. "ఎక్కువసేపు లేదు" అన్నారు. బావకు ఆయన ఒక్కడే తమ్ముడు, భుజాల మీద మోసి పెంచిన తమ్ముడు. "అన్నా!" అని నా భర్త పిలిచాడు కూడా.

"ముందుగాల మీరు మాట్లాడుర్రి. నా చెయిన్ జారింది" అని బావ అక్కడే కూర్చున్నాడు.

చెయిన్ జారలేదు. వాళ్లు నా భర్తను తీసుకుని గుట్ట వెనక్కి మళ్లేదాకా బావ మాకు వీపు పెట్టి, పెడలును చేత్తో ఊరికే తిప్పుతూనే ఉన్నాడు. చొక్కా వెనకంతా చెమట ఎండి ఉప్పు పేరుకుంది. దాని మీద పొద్దు ఎర్రగా పడుతోంది.