ముప్పై ఏడో నంబరు పాట

పోయిన మంగళవారం పొద్దున సైబర్‌జయలో ఆఫీసు మెట్లెక్కుతుండగా అన్నయ్య ఫోను చేశాడు. "అత్త లేదే ఇంక. టీ ఇద్దారని లేపినాను, లెగనేదు" అన్నాడు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. ఒకప్పుడు జార్జ్ టౌన్‌లో పదహారు మంది వాద్యకారుల బిగ్ బ్యాండును ముందు నిలబడి నడిపించిన మనిషి. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు పట్టుమని పదిమంది లేరు. అందుకే ఇది రాస్తున్నాను. రాసినందువల్ల తిరిగొచ్చేదేమీ లేదని తెలిసే రాస్తున్నాను.

ఆమె పుట్టింది ఈ మలాయ్ దేశంలోనే, బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో. తాతయ్య, నాయనమ్మ ఇద్దరూ చెట్లకు గాటు పెట్టి పాలు తీసే కూలీలు. బళ్ళో పిల్లల బ్యాండుకు వచ్చిన క్లారినెట్టును ఎవరూ తీసుకోకపోతే అత్త చేతిలో పెట్టారట. ఇరవై నిండకముందే జార్జ్ టౌన్ వెళ్ళి, సముద్రం ఒడ్డు హోటల్లో శాక్సొఫోన్ వాయించే పనిలో చేరింది. పెళ్ళి సంబంధం కుదిర్చానని పిలుచుకు రావడానికి తాతయ్య రెండుసార్లు వెళ్ళాడు, రెండుసార్లూ ఒక్కడే తిరిగొచ్చాడు.

ఆ హోటల్ బ్యాండు నాయకుడు జబ్బుపడ్డప్పుడు, వేరే మనిషి దొరికేదాకా అని అత్తను ముందు నిలబెట్టారు. మొదటి సాయంత్రమే ట్రాంబోన్ ఆయన, ఆడమనిషి చెయ్యి చూసి తాను వాయించనని లేచిపోయాడు. అత్త ఆ కుర్చీ తీయించలేదు. అతని వంతు వచ్చినప్పుడల్లా తన శాక్సొఫోన్ అందుకుని ఆ ముక్క వాయించి, కింద పెట్టి, మళ్ళీ చెయ్యెత్తింది. వారం తిరక్కుండా ఆయనే వచ్చి కూర్చున్నాడు. అత్త స్వరాల కాగితం అతని ముందు పెట్టింది. వేరే మనిషి కోసం మళ్ళీ ఎవరూ వెతకలేదు. ఆమె ఇరవై ఆరేళ్ళు ఆ చోటే నిలబడింది.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు నన్ను రెండో ఆల్టో శాక్సొఫోన్ కుర్చీలో కూర్చోబెట్టింది. రాగం నడిపేది మొదటి ఆల్టో. రెండోది దాని కింద నిలబడి స్వరాన్ని మోస్తుంది. నా వాయింపు ఎవరికీ వినపడటం లేదని ఏడిస్తే, "పక్కోడు వాయించింది నీకు ఇనపడతందా? ఇనపడితే సాలు. నువ్వు సరిగ్గానే ఉన్నావు" అంది. కోపం వస్తే గొంతు పెంచేది కాదు, తగ్గించేది. ఆమె మాట కోసం మేమందరం ముందుకు వంగేవాళ్ళం. మొదలుపెట్టే ముందు ప్రతి కుర్చీ దగ్గరికీ వెళ్ళి కాగితాలు సర్దేది. అవన్నీ ఆమె చేత్తో రాసినవే.

వాటిలో ముప్పై ఏడో నంబరు ఒకటి. రబ్బరు పాలు తీస్తూ నాయనమ్మ పాడుకున్న తెలుగు పాట అది. తోటలో అప్పటికే అది వచ్చినవాళ్ళు మిగల్లేదు. అత్త దాన్ని పదహారు వాద్యాలకు పంచి రాసింది. చైనావాళ్ళు, మలాయ్‌వాళ్ళు, తమిళులు ఉన్న బ్యాండులో ఆ తెలుగు పేరు పలకలేక అందరూ నంబరుతోనే పిలిచేవారు. ఆ పాట వాయించే రోజు మాత్రం అత్త మా వైపు కాక నేల వైపు చూసేది.

తర్వాత హోటల్ వాళ్ళు ఆ హాలును మీటింగులకు ఇచ్చేశారు. పదహారు మంది ఎనిమిదయ్యారు, నలుగురయ్యారు. చివరికి కీబోర్డు ఒక్కటే పెట్టుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళింది. అదీ ఆగింది. చెవులు మందగించాయి. ఒకరోజు మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుంది.

ఇక చెప్పవలసింది నా సంగతి. ఆమెను తోటలో అన్నయ్య ఇంటికి చేర్చాక, జార్జ్ టౌన్‌లో ఆమె అద్దె గది ఖాళీ చేయడానికి నేనే వెళ్ళాను. ఇనప బీరువా నిండా కాగితాలు. కింది అరలకు చెదలు పట్టింది. నాకు రెండు రోజులే సెలవు. వీధిలో పాత పేపర్ల బండి వెళుతుంటే పిలిచి, పై అరలు కూడా చూడకుండా మొత్తం ఎత్తించేశాను. ఆమెను ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు.

కాస్త నడవగలిగాక అత్త అడిగింది. "నా కాయితాలు ఏ పెట్టెలో ఉన్నాయి పాపా?"

"చెదలు పట్టినాయత్తా. ఇచ్చేసినాను."

వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా చెప్పాను. వినపడింది.

"అన్నీనా?"

"అన్నీ."

కిటికీలోంచి, రబ్బరు కొట్టేసి వేసిన పామాయిల్ చెట్ల వైపు చూసింది. "సర్లే. వాయించడానికి ఎవులున్నారు ఇప్పుడు" అంది. నన్ను తిట్టి ఉంటే బావుండేది.

కొన్నాళ్ళకు సిగ్గు చంపుకుని, ముప్పై ఏడో నంబరు ఒక్కసారి పాడమన్నాను. ఫోనులో రికార్డు పెట్టాను. కళ్ళు మూసుకుని పాడింది. తన గొంతు తనకే వినపడని మనిషి పాట ఎలా ఉంటుంది? ఒక చోట మొదలై ఎక్కడికో జారిపోయింది. మాటలు సగం మింగేసింది. ఆపి, "సరిగ్గా వచ్చినాదా?" అని అడిగింది. వచ్చిందన్నాను. ఆ రికార్డు ఎన్నిసార్లు విన్నా రాగం పట్టుబడలేదు. నాకు కంఠస్థంగా మిగిలింది నా రెండో ఆల్టో ముక్క. దాన్లో రాగం లేదు. అన్నేళ్ళు పక్కవాడిది విన్నానే, అదెలా మర్చిపోయానో తెలియదు.

దహనానికి బ్యాండు మనుషుల్లో ఒక్కరే వచ్చారు. ట్రంపెట్ వాయించిన చైనా పెద్దాయన, జార్జ్ టౌన్ నుంచి బస్సులో. ముప్పై ఏడో నంబరు గుర్తుందా అని అడిగాను. "పళ్ళు పోయాయి, ఇప్పుడు ఊదలేను. నోటితో పాడటం నాకెప్పుడూ రాదు" అన్నాడు మలాయ్‌లో.

శవపెట్టెను కొలిమిలోకి తోసి తలుపు మూశారు. ఆయన చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు. కాసేపటికి, ట్రంపెట్ మీటలు నొక్కే కుడిచేతి మూడు వేళ్ళూ ప్యాంటు మీద కదలడం మొదలుపెట్టాయి. ఒకటి నొక్కి, రెండు వదిలి, మళ్ళీ మూడూ నొక్కి. ఎక్కడా తడబడకుండా సాగుతున్నాయి. ఆ వేళ్ళను చూసి ఏ పాటో చెప్పగల మనిషి ఆ తలుపు వెనక ఉంది. ఆయన చివరిదాకా వాయించేవరకూ నేను పక్కనే నిలబడి చూశాను.