ట్రేసరు గారి ఖాళీ స్థలం

ఆయన్ని అందరూ ట్రేసరు గారు అంటారు. ప్రణాళికా కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు ఆయన చేసిన ఉద్యోగం అదే. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన పటం మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, సిరా కలంతో మళ్లీ గీయడం. కంప్యూటర్లు వచ్చాక ఆ ఉద్యోగం పేరు కార్యాలయం బోర్డు మీంచి పోయింది కానీ ఆయన చేతిలోంచి పోలేదు. ఇప్పటికీ సరుకుల చీటీ రాసినా అక్షరాలు కొలబద్ద పెట్టినట్టు నిలబడతాయి. "ఆ చీటీకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోండి, సరుకులు నేను తెచ్చుకుంటాను" అంటుంది ఇంటావిడ.

ఆయన మాట వేగం కూడా గీత వేగమే. ఏదైనా అడిగితే, టీ తాగి గ్లాసు కడిగి బోర్లించేంత సేపు ఆగాలి. అప్పుడు జవాబు వస్తుంది. వచ్చిన జవాబుని మళ్లీ దిద్దుకోవలసిన అవసరం మాత్రం ఉండదు.

పనిలో ఆయనకి రెండు పట్టింపులున్నాయి. కాళ్లతో నడవని నేలని చేత్తో గీయరు. ఒకే నేలకి చెందిన కాగితాల్ని విడదీయరు. అడుగున అసలు పటం, దాని మీద ఒక్కో కాగితం, అన్నీ ఒకే కర్రకి క్యాలెండరులా బిగించి ఉండాలి. కావలసింది చూపించి తక్కినవి కర్ర వెనక్కి తిప్పుకోవచ్చు, ఊడదీయడానికి మాత్రం వీల్లేదు. ఊడదీస్తే నేల ఒకచోట, దాని సంగతి ఇంకోచోట తిరుగుతాయని ఆయన భయం.

ఈ పట్టింపులే మొన్నటి ప్రాంతీయ మండలి ఎన్నికల్లో ఒక అభ్యర్థి గారిని ముప్పుతిప్పలు పెట్టాయి.

అభ్యర్థి గారు సిమెంటు వ్యాపారి. ఎన్నికల తేదీ ప్రకటించిన రోజు మధ్యాహ్నం నుంచి పర్యావరణ ప్రేమికుడు. కారు మీద ఆకుల బొమ్మలు వేయించారు. 'ఉద్యోగం, పచ్చదనం, సొంత నేల' అన్న పోస్టర్లు అచ్చువేయించి, రోడ్డు పక్క ఉన్న ప్రతి చెట్టుకీ మేకులు కొట్టి మరీ తగిలించారు. ప్రచారం బాధ్యత అంతా బావమరిదిది. ఒక ఉదయం ఆ బావమరిదే ట్రేసరు గారి వీధి గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కంప్యూటర్లో గీసిన బొమ్మలు జనం నమ్మట్లేదు పెద్దాయనా. చేత్తో గీసిందైతే సర్కారు కాగితంలా నిండుగా ఉంటుంది. పాత ఇటుక బట్టీ వెనకాల ఖాళీ స్థలం ఉందే, నలభై ఎకరాలు, అది గీయాలి."

"ఏం గీయమంటారు?"

"ఒక కాగితం మీద ఫ్యాక్టరీ. నాలుగు వేల ఉద్యోగాలు. అది కార్మికుల పేటలో చూపిస్తాం. ఇంకోదాని మీద పార్కు, చెరువు, నడక దారి. అది పొద్దున్నే చేతులూపుకుంటూ నడిచే పెద్దమనుషులకి. మూడోదాని మీద ఇళ్ల స్థలాలు. అద్దెకున్నవాళ్లకి."

ట్రేసరు గారు కిటికీ వైపు చూసి, గోడ వైపు చూసి, చివరికి అడిగారు. "అంటే నలభై ఎకరాల్ని మూడు ముక్కలు చెయ్యాలి."

"ముక్కలెందుకు? మూడూ మొత్తం నలభై ఎకరాల్లోనే."

"ఒకేసారా?"

"ఒకేసారి ఎవరు చూస్తారు పెద్దాయనా? ఏ పేటకి ఆ కాగితం."

మర్నాడు ట్రేసరు గారు టేపు తీసుకుని నేల చూడ్డానికి బయల్దేరారు. ఆ నలభై ఎకరాల నడుమ ఏముందో ఆయనకి తెలియక కాదు. అక్కడ ఆయన అక్క లాండ్రీ ఉంది. ముప్పై ఏళ్ల కిందట మండలి దగ్గర మూడెకరాలు లీజుకి తీసుకుని పెట్టింది. రెండు బాయిలర్లు, ఆరు సిమెంటు తొట్లు, బట్టలారేసే తాళ్లు నలభై రెండు వరసలు. ఆమె కాక తొమ్మిది మంది పనివాళ్లు. పెద్దాసుపత్రి దుప్పట్లన్నీ అక్కడే ఉతికి ఆరేస్తారు.

అక్క తొట్టి దగ్గర నుంచే కేకేసింది. "ఏరా, టేపు పట్టుకొచ్చావు, నేలని కొలుస్తావా నన్నా?"

"పటం గీయమన్నారక్కా. ఇదంతా ఖాళీ స్థలమట."

"ఖాళీయా? అయితే ఇన్నేళ్లుగా ఇక్కడ దుప్పట్లు పిండుతున్నవి దెయ్యాలన్నమాట. ఒసే దెయ్యాల్లారా, విన్నారా," అంది పనివాళ్ల వైపు తిరిగి. వాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"వచ్చే నెల లీజు అయిపోతోంది తమ్ముడూ. మొన్న మండలి ఆఫీసుకెళ్తే, మా రికార్డులో అక్కడ ఏమీ లేదు కదమ్మా, దేన్ని చూసి పొడిగిస్తాం అని నసిగాడు గుమాస్తా. లీజు ఇచ్చిననాడు ఖాళీ అని రాసిన మాట ఇప్పటిదాకా ఎవడూ మార్చలేదు. రేపు గెలిచినవాడు నీ పటం పట్టుకునే ఆ కుర్చీలోకి వెళ్తాడు. అందులో నేను లేకపోతే ఈ తొమ్మిది మందీ నేనూ రోడ్డు మీదే."

"ఉన్నది ఉన్నట్టే గీస్తానక్కా."

"గీయడం కాదు. గీసింది ఉంచాలి."

ఆయన గీశారు. అడుగు కాగితం మీద బట్టీ, కాలువ, బాట, లాండ్రీ షెడ్డు, తొట్లు, నలభై రెండు తాళ్లకీ నలభై రెండు సన్నటి గీతలు. దాని మీద మిగతా మూడు కాగితాలు పరిచి, ఫ్యాక్టరీకి ఊదా, పార్కుకి పచ్చ, ఇళ్లకి పసుపు వేసి నాలుగింటినీ కర్రకి బిగించారు. బావమరిది వచ్చి ఒక్కోటీ ఎత్తి చూసి, అడుగుదాని దగ్గర ఆగాడు.

"ఈ దువ్వెనేంటి?"

"బట్టలారేసే తాళ్లు. మా అక్క లాండ్రీ."

"అక్క మీద ప్రేముంటే ఇంటికి పిలిచి భోజనం పెట్టండి పెద్దాయనా. పటంలో పెట్టకండి. మండలి రికార్డు ప్రకారం అక్కడేం లేదు. బ్లేడుతో గీకెయ్యండి."

ట్రేసింగ్ కాగితం మీద సిరాని బ్లేడుతో గీకితే పోతుంది. ముప్పై ఒక్క ఏళ్లూ తప్పుగా పడిన గీతల్ని ఆయన అలాగే తీశారు. బ్లేడు బల్ల మీదే ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని చాలా సేపు చూశారు. బావమరిది రెండు ఫోన్లు మాట్లాడి పెట్టేశాడు.

"ముందు మీరు అక్కడ పడగొట్టండి," అన్నారు ట్రేసరు గారు. "తర్వాత నేనిక్కడ గీకుతాను."

ఎన్నికలు పన్నెండు రోజుల్లో ఉన్నాయి. ఆసుపత్రి దుప్పట్ల జోలికి ఇప్పుడు పోతే ఏమవుతుందో బావమరిదికి తెలుసు. నీళ్లు నమిలి, "సరే, పై రంగులు దట్టంగా వెయ్యండి. కనబడకపోతే చాలు" అని లేచాడు. ట్రేసరు గారు ఇంకో పూత వేశారు.

ఆ సంగతి అక్కకి చెబితే ఆమె దుప్పటి మడత పెట్టడం ఆపలేదు.

"నన్ను రంగు కింద పెట్టావా?"

"కింద ఉన్నావు కదక్కా. పోలేదు."

"శవం కూడా మట్టి కిందే ఉంటుందిరా. పోలేదంటామా?"

తర్వాత రెండు రోజులు ఆమె ఆయన ఫోను ఎత్తలేదు.

ప్రచారం మాత్రం జోరుగా సాగింది. పటం ఇంకొకరి చేతికివ్వడానికి ట్రేసరు గారు ఒప్పుకోకపోవడంతో, ఆయన్ని కూడా కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పారు. కార్మికుల పేటలో ఊదా కాగితం ముందుకొచ్చింది. అభ్యర్థి గారు తన చిన్ననాటి ఆకలి గురించి చెప్పి కళ్లు తుడుచుకున్నారు. నడక మైదానంలో పచ్చ కాగితం. అభ్యర్థి గారు సిమెంటంటే తనకి చిన్నప్పట్నుంచీ గిట్టదన్నారు. అద్దె ఇళ్ల సందుల్లో పసుపు కాగితం. అక్కడ ఒక టీచరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసి, మూల మీదున్న పదిహేడో నంబరు తనకే కావాలని పేరు రాయించుకుంది. అడుగు కాగితాన్ని ఎవరూ అడగలేదు. కర్ర వెనక్కి తిప్పినవాటిలో అదెప్పుడూ ఉండేది.

చివరి రోజున మూడు పేటల్లో మూడు సభలు అనుకున్నారు. ఎన్నికల అధికారి ఒక్క హాలుకే, ఒక్క సభకే అనుమతిచ్చాడు. అభ్యర్థి గారి మనుషులు అన్ని పేటలకీ బస్సులు పంపారు. ట్రేసరు గారు బావమరిదికి ఫోన్ చేశారు.

"ఈవేళ ఏ కాగితం పెట్టమంటారు?"

"అందరూ వస్తున్నారు పెద్దాయనా, అన్నీ పెట్టెయ్యండి," అని బావమరిది పెట్టేశాడు. అతని చెవి దగ్గర అప్పటికే ఇంకో ఫోను మోగుతోంది.

అన్నీ పెట్టమన్నారు, పెట్టారు. దేన్నీ వెనక్కి తిప్పలేదు. హాల్లో వేదిక వెనక గోడ నిండా పెద్ద కిటికీ ఉంది. దాని తెరలు ఉతకడానికి వెళ్లాయి. ఎక్కడికో చెప్పక్కర్లేదు. నాలుగు గంటల ఎండ సూటిగా పటం వెనక నుంచి కొట్టింది. ఊదా, పచ్చ, పసుపు ఒకదాని మీద ఒకటి పడి బురద రంగు తేలింది. చెరువు మధ్యలో పొగగొట్టం లేచింది. నడక దారి మీద ఇళ్ల నంబర్లు వరసగా నడిచాయి. అన్నిటి అడుగు నుంచీ నలభై రెండు నల్లటి గీతలు ఎక్స్‌రేలో ఎముకల్లా కనిపించాయి.

ముందు ఒక మెకానిక్ లేచాడు. "మా ఫ్యాక్టరీలో చెరువేంటండీ?"

"మా చెరువులో పొగగొట్టమేమిటని మేమడగాలి," అన్నాడు నడక మైదానం నుంచొచ్చిన తెల్ల బూట్లాయన.

టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. "నా పదిహేడో నంబరు నీళ్ల నడుమ ఉంది. ఇంటితో పాటు పడవ కూడా ఇస్తారా, పడవ మేమే కొనుక్కోవాలా?"

హాలంతా నవ్వింది. అభ్యర్థి గారు బావమరిది వైపు చూశారు. బావమరిది ఫ్యాను వైపు చూశాడు. ఇక దారిలేక అభ్యర్థి గారు మైకుని ట్రేసరు గారి చేతిలో పెట్టారు. "సాంకేతిక విషయాలు మా నిపుణులు వివరిస్తారు."

నిపుణులు మైకు పట్టుకుని ఊరుకున్నారు. జనం మొదట గోల చేశారు, తర్వాత దగ్గారు, తర్వాత నిశ్శబ్దమైపోయారు.

"మూడూ ఒకే నేల మీద ఉన్నాయండి," అన్నారు ట్రేసరు గారు. "అందుకని ఆ రంగొచ్చింది."

రెండో వరసలోంచి పెద్దాసుపత్రి హెడ్ నర్సు అడిగింది. "ఆ అడుగున దువ్వెనలాగ ఉన్నదేంటి?"

వేదిక పక్క నుంచి బావమరిది రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. ట్రేసరు గారు అతన్ని చూశారు. నర్సు వైపు తిరిగారు.

"అది లాండ్రీ అమ్మా. ఈ పటంలో నేను నడిచి చూసింది అదొక్కటే. తక్కినవి చెబితే గీసినవి."

"మా దుప్పట్లు ఉతికే లాండ్రీయేనా?" నర్సు లేచి నిలబడింది. "దాన్ని తీసేస్తే నా మూడు వందల మంది రోగుల్ని దేని మీద పడుకోబెట్టాలండీ? మీ పోస్టర్ల మీదా?"

అభ్యర్థి గారు వ్యాపారి. ఏ సరుకు ఎప్పుడు అమ్ముడుపోతుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. మైకు లాక్కున్నారు. "లాండ్రీని ఎవరు తీస్తారమ్మా? అందుకే కదా అన్నిటికన్నా ముందు గీయించాను. ఎండ తప్ప ఇంకేమీ వాడకుండా ఆరే బట్టలు. పచ్చదనమంటే అదీ. ఆ లాండ్రీ అక్కడే ఉంటుంది, ఇది నా మాట." అప్పటికి హాల్లో రెండు వందల ఫోన్లు ఆయన ముఖానికి ఎక్కుపెట్టి ఉన్నాయి.

నాలుగు వందల ఓట్ల తేడాతో ఆయనే గెలిచారు. ఎదుటి అభ్యర్థి అసలు పటమే గీయించలేదు.

నెల తిరక్కుండా గెలిచినాయన ఫొటోగ్రాఫరునీ బావమరిదినీ వెంటబెట్టుకుని లాండ్రీకి వచ్చారు. చేతిలో లీజు కాగితం. అక్క ముందు నిలబడి కాగితం చాచి, ఫొటోగ్రాఫరు వైపు నవ్వారు.

"నా చేతులు తడిగా ఉన్నాయి బాబూ. మా తమ్ముడికివ్వండి, వాడు చదువుతాడు."

తమ్ముడు మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టారు. గెలిచినాయన నవ్వు ఒకసారి ఆరిపోతే మళ్లీ తడుపుకున్నారు. ఐదేళ్ల గడువు, సరిహద్దులు, సంతకం, ముద్ర. ట్రేసరు గారి వేలు కింది వరస మీద ఆగింది.

"'ప్రస్తుత వినియోగం, ఖాళీ స్థలం' అని ఉందండి."

"అది గుమాస్తా పొరపాటు. పాతది చూసి ఎక్కించాడు," అన్నాడు బావమరిది. "తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే?" అంది అక్క. "మళ్లీ మీరు ఓట్లకొచ్చినప్పుడా?"

ట్రేసరు గారు కాగితాన్ని ఇస్త్రీ బల్ల మీద పరిచి, జేబులోంచి కలం తీసి, మూత విప్పి, గెలిచినాయన వైపు చాచి అలాగే నిలబడ్డారు. ఎంతసేపైనా నిలబడగలరని ఆ పాటికి అక్కడ అందరికీ తెలుసు. ఫొటోగ్రాఫరు కెమెరా దించేశాడు. గెలిచినాయన వేడి బల్ల మీదికి వంగి 'ఖాళీ స్థలం' కొట్టేసి, 'లాండ్రీ. యజమానురాలు, తొమ్మిది మంది పనివాళ్లు' అని రాసి, పక్కన పొడి అక్షరాలు గీకారు.

తొట్టి దగ్గర నుంచి ఒకావిడ తల తిప్పింది. "పది మంది సార్. నేను పోయిన వారమే చేరాను."

ఆయన తొమ్మిది కొట్టేసి పది చేశారు. మళ్లీ పొడి అక్షరాలు గీకారు. నడుం పట్టుకుని లేచి ఫొటోగ్రాఫరుతో అన్నారు. "ఫొటో కింద ఇది కూడా రాయించు. పదవిలోకొచ్చిన మొదటి నెలలోనే ఒక కొత్త ఉద్యోగం."

అక్క చేతులు తుడుచుకుని వచ్చింది కానీ కాగితం ముట్టుకోలేదు.

"సిరా ఆరిందేమో చూడరా," అంది.

ట్రేసరు గారు కాగితం ఎత్తి, వెలుతురుకి వాల్చి, తీరిగ్గా చూశారు.

"ఆరిందక్కా," అన్నారు.