శౌరమ్మ వేసిన రెండో తాళం

"తప్పు నాదేనండి. హెడ్మాస్టరుగారు మాట చెప్పారంతే. తాళం వేసింది నేను, తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగింది నేను."

శౌరమ్మ చీపురు పక్కన పెట్టి, బస్సు కోసం ఆగిన నా పక్కన వరండా మెట్టు మీద కూర్చుంది. హనుమాన్ జంక్షన్ దగ్గరున్న ఈ హైస్కూల్లో ఆమె ఇరవై ఏళ్లుగా ఆయా. పిల్లలు ఆయమ్మా అంటారు. కొత్తగా వచ్చిన టీచర్లు కొంచెం భయపడతారు.

నిరుడు చక్రాల కుర్చీలో వచ్చే పిల్లల కోసం వెడల్పాటి తలుపుతో, గోడకు పట్టుకునే కమ్మీలతో ఇక్కడ మరుగుదొడ్డి కట్టారు. కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు, వెంటనే తాళం వేశారు. పై ఆఫీసరు చూడటానికి వచ్చేదాకా అది కొత్తగానే ఉండాలని హెడ్మాస్టరు వెంకటసుబ్బారావు గారి పట్టుదల. చుట్టాలొస్తే తప్ప బయటికి తియ్యని గాజుగ్లాసుల్లాగా.

"కమోడు మీది ప్లాస్టిక్కు కవరు కూడా తియ్యనివ్వలేదండి. నేను మాత్రం తక్కువ తిన్నానా? వారం వారం తలుపు తుడిచి మురిసిపోయేదాన్ని."

ఎనిమిదో తరగతి ఫిర్దౌస్ ఆర్నెల్లు ఆ తలుపు ముందునుంచే చక్రాల కుర్చీలో క్లాసుకు వెళ్లింది. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర శౌరమ్మ మంచినీళ్ల గ్లాసు ఇస్తే వెనక్కి నెట్టేసింది.

"'ఇంత ఎండల్లో దాహం వెయ్యదటే?' అన్నాను. 'తాగితే వెళ్లాలిగా ఆయమ్మా, ఇంటికెళ్లి తాగుతా' అంది. అలా నీళ్లు తాగక రెండుసార్లు జొరం కూడా వచ్చిందంట. వాళ్లమ్మ జహీదా ఇంక బడి మానిపించేద్దామనుకుంటోందంట. బొడ్లో తాళంచెవి నిప్పుకణికలా కాలిందండి."

హెడ్మాస్టరుగారిని అడిగితే ఆఫీసరు వచ్చి వెళ్లాక చూద్దామన్నారు. శౌరమ్మ "సరే సార్" అంది. ఇరవై ఏళ్లలో ఆమె అంత వినయంగా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన అప్పుడే అనుమానపడాల్సింది.

మర్నాడు పొద్దున్నే స్టాఫు మరుగుదొడ్డి శుభ్రంగా కడిగి, దానికీ తాళం వేసింది. ఎండగా ఉందని హెడ్మాస్టరుగారికి రెండు గ్లాసుల మజ్జిగ ఇచ్చింది.

"మూడో పీరియడుకి వచ్చారండి. 'ఈ తాళమేంటి శౌరమ్మా?' అన్నారు. 'తళతళా కడిగాను సార్. ఆఫీసరుగారు వచ్చేదాకా కొత్తగా ఉండొద్దూ?' అన్నాను. 'ఆయనెప్పుడొస్తారో ఎవరికి తెలుసు?' 'నాకూ తెలీదు సార్.' కాసేపు అటూ ఇటూ నడిచారు. లెక్కలు చెప్పే ఉషశ్రీ మేడమ్ నవ్వాపుకోలేక క్లాసులోకి పారిపోయింది. చివరికి 'రెండూ తియ్యి తల్లీ' అన్నారు. ముందు ఫిర్దౌసుది తీశాను. కవరు చించాను. తర్వాత, కాస్త నిదానంగా, ఆయనది."

"హెడ్మాస్టరుగారు పైకి ఫిర్యాదు రాస్తారని భయం వెయ్యలేదా?" అని అడిగాను.

"ఏమని రాస్తారండి?"

ఫిర్దౌస్ ఇప్పుడు రోజుకు రెండు సీసాల నీళ్లు తాగుతోంది. బడి మాన్పించే మాట జహీదా మళ్లీ ఎత్తలేదు. అయినా శౌరమ్మ ముఖంలో తృప్తి లేదు.

"లోపలి గడియ పైనెక్కడో పెట్టారండి, ఆ పిల్లకి అందదు. నేను బయట కాపలా కాస్తున్నాను. పదమూడేళ్ల పిల్ల, దానికి నామోషీ కాదూ? మీరు బెజవాడ వెళ్తున్నారుగా, వన్ టౌన్లో ఇనుప సామాన్ల కొట్లో ఒక గడియ పట్రండి. కుర్చీలో కూర్చుని ఒంటిచేత్తో వేసుకునేట్టుండాలి. కొనేముందు మీరు స్టూలు మీద కూర్చుని వేసి చూడండి. కొట్టువాడు నవ్వితే నవ్వనివ్వండి. లేవండి మరి, బస్సొచ్చే టైమైంది."