రెండో అంతస్తు పిలుపు

గుజరాత్‌లోని కోసాడ్‌లో మాది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. అరేబియా సముద్రంలో తుపాను లేచిందని టీవీలో చెప్పగానే మా పని మొదలవుతుంది. బియ్యం డబ్బా మంచం మీదికి, మిక్సీ అటక మీదికి, పరుపు చుట్టి బీరువా పైకి. ఖాళీ గ్యాస్ సిలిండర్ తేలిపోకుండా కిటికీ ఊచకు కడతాం. ఆధార్ కార్డులు, అత్తమ్మ బీపీ మాత్రలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచిలో పెడతాం. పండగ ముందు ఇల్లు సర్దినట్టు ఇదంతా నాకు అలవాటే. సర్దలేనిది ఒక్క అత్తమ్మనే.

ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లెక్కాలంటే వెలుతురుండాలి, తీరికుండాలి. కరెంటు పోయి, నీళ్లొచ్చాక ఆమెను పైకి చేర్చడం నా ఒక్కదాని వల్ల కాదు. ఈసారి తుపాను కబురొచ్చేసరికి మా ఆయన ఊరి అవతల, సచిన్ అనే చోట ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నాడు. కాబట్టి ఆ రోజు వెలుగుండగానే ఆమెను కదిలించాలి. కింది ఇళ్లవాళ్లు బడికైనా, పై అంతస్తులకైనా వెళ్లాలని మైకు బండి తిరుగుతూనే ఉంది.

"అత్తమ్మా, పిలుస్తున్రు గదా, పోదాం పా."

"వాడు ఊరందర్ని పిలిచిండు. నన్ను పిలిచిండా?"

"పైనోళ్ల ఇంట్ల జరసేపు కూసుందాం."

"పిలువని ఇంటికి ఎట్ల పోతమే? పానం పోయినా పోను."

నాకు ఒళ్లు మండింది. నీళ్లేమన్నా బొట్టు పెట్టి పిలిస్తే వస్తాయా అని అడగాలనిపించింది. నిజం చెప్పొద్దూ, రెండో అంతస్తు గుజరాతీ ఆవిడను అడగడానికి నాకూ మొహమాటమే. ఎదురుపడితే నవ్వుకోవడం తప్ప మా మధ్య రాకపోకలు లేవు.

అంతలో ఆవిడే పాల ప్యాకెట్లు, బంగాళాదుంపలు పట్టుకుని బజారు నుంచి వచ్చింది. తెరిచిన మా తలుపు దగ్గర ఆగి, గాలి ఎక్కువైందని హిందీలో రెండు మాటలాడింది. "చాలో బా, ఆవ్‌జో," అని అత్తమ్మకు చెప్పి మెట్లెక్కిపోయింది.

బా అంటే పెద్దమ్మ లాంటి పిలుపు. ఆవ్‌జో అనేది సెలవు తీసుకునేటప్పుడు గుజరాతీలు అనే మాట, మనం 'వెళ్లొస్తాం' అన్నట్టు. హైదరాబాద్ హిందీ మాత్రమే తెలిసిన అత్తమ్మ చెవికి అందులో 'ఆవ్' ఒక్కటే వినబడింది.

"ఇన్నవా? రమ్మంటున్నది," అని కొంగు సర్దుకుని లేచింది. "అంత మంచిగ పిలిచినంక పోకుంటే ఏం బాగుంటది?"

నాకు కావాల్సిందీ అదే. సంచి భుజాన వేసుకుని, ఆమె నడుము పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాను. ఆ తుపాను చివరికి దారి మళ్లి పోయింది గానీ, ఆ మెట్ల మీద మాకా సంగతి తెలియదు. నాకున్న భయమంతా ఆ తలుపు గురించే. ఆవిడ తలుపు తీసి 'ఏం కావాలి?' అందంటే, ఈ ముసలామె అటునుంచటే వెనక్కి తిరుగుతుంది. మళ్లీ ఎవరు చెప్పినా మెట్లెక్కదు.

ఆవిడ తలుపు తీసింది. ఆయాసపడుతున్న అత్తమ్మనూ, నా భుజం మీది సంచినీ చూసి క్షణం ఆగింది. తర్వాత తలుపు బార్లా తీసి, "ఆవో బా, ఆవో," అంటూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సోఫాలో కూర్చోబెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగి, గడప దగ్గరే నిలబడిపోయాను.

అత్తమ్మ సోఫాలో కుదురుకుని నా వైపు చూసింది.

"ఆమె పిలిచింది నన్ను. నిన్నెవలు పిలిచిన్రే?"